ఎడమకు తిరిగే సుడి

నూనె గోరువెచ్చగా ఉండాలి.

అరచేతిలో ఒంపుకుని, రెండు చేతులూ రుద్దుకుని, అప్పుడు తల మీద పెట్టాలి. ఆ పైన చేతులకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. వేళ్ళు వాటంతటవే దారి పడతాయి. ముందు నడినెత్తి మీది సుడి. అక్కడ వెంట్రుకలు కుడికి తిరుగుతాయి – చాలామందికి తిరిగినట్టే. అక్కణ్ణుంచి వేళ్ళు మెల్లగా ముందుకు జరుగుతాయి. నుదుటి పైన, ఎడమ పక్కగా, ఇంకొకటి. చిన్నది. బొట్టుబిళ్ళంత.

అది ఎడమకు తిరుగుతుంది.

ప్రతి ఆదివారం ఈశ్వరి చూపుడువేలు అక్కడ ఆగుతుంది. ఎడమకు ఒక చుట్టు... మళ్ళీ ఎడమకు. ముక్కాలిపీట మీద కూర్చున్న ధనరాజ్ కళ్ళు మూతలు పడతాయి. పడవ మీద గొంతు చించుకుని అరిచే మనిషి, చేపల వేలంపాటలో ఎవరికీ లొంగని మనిషి, ఆ ఒక్క వేలి కింద పసివాడైపోతాడు.

చీకట్లో వంద తలలు ముందు పెట్టినా ఆ తలను ఈశ్వరి పోల్చుకోగలదు.

మొగుడి మొహం తర్వాత. ముందు ఆ సుడి.

*

పెళ్ళినాడు దాన్ని చూసింది కూర్మమ్మత్త.

కూర్మమ్మత్త ఊరందరికీ అత్త. అడ్డపొగ తాగే మనిషి. చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, అలాగే మాట్లాడుతుంది, అలాగే తిడుతుంది, అలాగే దండం పెడుతుంది. భావనపాడు నుంచి వచ్చిన కొత్త పెళ్ళికొడుకు జుట్టులోంచి తలంబ్రాల బియ్యం ఏరుతూ ఏరుతూ... ఆ చుట్ట తీసి మరీ అరిచింది.

“ఒలమ్మో ఒలమ్మో! ఈ గుంటడికి రెండు సుడులే! ఒరే ధనరాజూ, నీకు రెండు పెళ్ళిళ్ళురా!”

పందిరంతా గొల్లుమంది. పెళ్ళికూతురు మాత్రం తల దించుకోలేదు.

“రెండోసారీ నన్నే సేసుకుంటాడు లేత్తా. నానెక్కడికి పోతాను?”

నవ్వు ఇంకా పెద్దదైంది. పూలపళ్ళెం పట్టుకుని నిలబడ్డ చెల్లెలు సుహాసిని నవ్వింది – రెండు జడలూ ఎగిరేలా. అమ్మ నారాయణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ధనరాజ్ చెవులు ఎర్రబడ్డాయి.

ఆ నవ్వును ఈశ్వరి దాచుకుంది. పట్టుచీర మడతల్లో దాచుకున్నట్టు. అప్పుడప్పుడూ తీసి, ఎండకు పెట్టి, మళ్ళీ దాచుకునేది.

అందరూ నవ్వారు కదా...

అందరూ.

*

ఈశ్వరికి సుడులంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఎందుకో ఆమెకే తెలియదు.

కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. నది నీళ్ళు మట్టిరంగు. సముద్రం నీళ్ళు నీలం. ఎదురుపడగానే కలిసిపోవు అవి. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. మట్టిరంగు చుట్టూ నీలం, నీలం చుట్టూ మట్టిరంగు... నురగ వాటి అంచు పట్టుకుని తిరుగుతుంది. ఎక్కణ్ణుంచి కొట్టుకొచ్చిందో, వాడిన బంతిపువ్వొకటి నురగ వెంట తిరుగుతుంది.

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఇసకలో కూర్చుని చూసేవాళ్ళు. వెనకాల అమ్మ చేపలు ఆరబోసుకుంటూ ఉండేది.

“మజ్జలో ఏటున్నాదక్కా?”

“ఏటీ నేదే. మజ్జ కాళీ.”

“మరి దేని సుట్టూ తిరగతన్నాది?”

 

ఇసకలో దొరికే నత్తగుల్లలు. పడవ అంచున చుట్ట చుట్టుకుని పడున్న మోకు. గాలిలోకి విసిరిన వల విచ్చుకునే ఆ ఒక్క క్షణం. కూర్మమ్మత్త పెదాల సందులోంచి వచ్చే పొగ. ఎండుచేపల పొలుసుల్ని లేపుకుని తీరం వెంట పరుగెత్తే చిన్న సుడిగాలి – పొలుసులు ఎండకు తళుక్కు తళుక్కుమంటూ, ఎవరో వెండి జల్లుకుంటూ పోతున్నట్టు. జంతికల గొట్టంలోంచి నూనెలోకి దిగే పిండి – నడుమ మొదలై, చుట్టూ చుట్టుకుంటూ, బుడగల మధ్య ఒదిగిపోతూ...

ప్రతిదాన్నీ ఆగి చూస్తుంది ఈశ్వరి.

“ఒలే, జంతిక మాడిపోతన్నాది. సూసింది సాలు, తియ్యి!” అంటాడు ధనరాజ్.

“ఉండు మావా. ఎంత అందంగా తిరగతన్నాదో!”

వంటింట్లో ఉప్పుజాడీ పైన గోడకు ఒక పాత కేలెండరు బొమ్మ ఉంది. పడవ ఇంజన్లు అమ్మే షాపువాళ్ళు ఇచ్చింది. తేదీలు చింపేసి బొమ్మ మాత్రం ఉంచుకుంది. నల్లటి ఆకాశం. అందులో పాలపుంత. ఎవరో దోసిలి నిండా ముగ్గుపిండి పట్టుకుని, గిర్రున తిరుగుతూ తిరుగుతూ వదిలేసినట్టు... అన్నీ చుక్కలేనట. ప్రతి చుక్కా ఒక సూర్యుడట.

“ఇదేటి పెద్దమ్మా?” అని అడిగింది పిల్ల ఒకసారి, చంకలోంచి వేలు చాపి.

“సుక్కలమ్మా. అన్నీ సుక్కలే.”

“ఎవులు తిప్పతన్నారు?”

“ఎవులూ తిప్పరే. అయ్యే తిరగతాయి.”

“మరి ఆటికి కళ్ళు తిరగవా?”

ఈశ్వరి నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఆ వేలును ముద్దు పెట్టుకుంది.

పిల్ల చెల్లెలి కూతురు. పేరు రాజకుమారి. అందరికీ కుమారి.

ఈశ్వరికి పిల్లలు లేరు.

*

లేరు అనడానికి ఒక్క మాట చాలు.

ఆ మాట వెనక ఎన్ని మొక్కులు, ఎన్ని మందులు, ఎన్ని బస్సు ప్రయాణాలు... చివరికి విశాఖపట్నంలో డాక్టరమ్మ గర్భసంచి తీసెయ్యాలంది. లేకపోతే ప్రాణానికే ముప్పు అంది. ఆసుపత్రిలో తోడుకు అమ్మ ఉంది. ఇంట్లో ధనరాజ్ ఒక్కడే. వేట నుంచి వచ్చేసరికి ఇంత అన్నం వండి పెట్టే దిక్కు లేదు.

“సుహాసినిని ఎల్లి ఉండమను అమ్మా. దాని మొగుడెలాగూ ఊళ్ళో నేడు కదా.”

ఈశ్వరే అంది, ఆసుపత్రి మంచం మీంచి.

తన నోటితో తనే అంది.

సుహాసిని మొగుడు యుగంధర్ గుజరాత్‌లో వేరావల్ రేవులో పరాయి పడవల మీద పనిచేస్తాడు. ఈ తీరం నుంచి ఎందరో వెళ్ళినట్టే వెళ్తాడు. వానలు తగ్గాక రైలెక్కితే మళ్ళీ వానల ముందు దిగుతాడు. నడుమ ఏ పండగకో ఒకసారి చుట్టపుచూపుగా.

చెల్లెలు వచ్చింది. వండింది. ఉతికింది. ఇల్లు అద్దంలా ఉంచింది. కుట్ల నొప్పితో వంగి వంగి నడుస్తూ ఇంటికి చేరిన ఈశ్వరి, తోమి బోర్లించిన గిన్నెలను చూసి, మడత పెట్టిన మొగుడి లుంగీలను చూసి, చెల్లెల్ని కావలించుకుని ఏడ్చింది.

“ఇంక నాకు నువ్వే కూతురివే” అంది.

చెల్లెలు కూడా ఏడ్చింది. అక్క భుజం తడిసేలా ఏడ్చింది. ఆగకుండా ఏడ్చింది.

తన కోసమే అనుకుంది ఈశ్వరి.

అమ్మవారి పండగకు యుగంధర్ వచ్చి వెళ్ళాడు. ఆ తర్వాత పిల్ల పుట్టింది. ఏడో నెల పిల్ల అన్నారు. అమ్మే వాడంతా తిరిగి చెప్పుకొచ్చింది – నెల్లు నిండనేదు, గంగమ్మ తల్లి దయ వల్ల బతికింది అని. ఈశ్వరి ఎత్తుకుంది. బరువుగా ఉంది పిల్ల. వేళ్ళ కొసల దాకా గోళ్ళు. తల నిండా జుట్టు – నల్లగా, ఒత్తుగా, తడి ఆరని జుట్టు.

ఏడో నెల పిల్లకు ఇంత జుట్టా అని మురిసిపోయింది ఈశ్వరి.

మురిసిపోయింది!

*

ఆ తలను మాత్రం అమ్మ ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

నూనె రాసినా అమ్మే. పేలు చూసినా అమ్మే. నుదుటి పైనుంచి జుట్టును నీళ్ళతో తడిపి, అణిచి, క్లిప్పులు గుచ్చి, వెనక్కి బిగించి జడ వేసేది. ఎడమ పక్క క్లిప్పు ఎప్పుడూ బిగువు. ఆ క్లిప్పు ఊడితే పిల్ల ఎక్కడున్నా వెతికి పట్టుకునేది.

“ఇలా తే అమ్మా. ఇయ్యాల నాను దువ్వుతాను.”

“నా సెయ్యికే అలవాటు దానికి. నువ్వు దువ్వితే ఏడుస్తాది.”

ఈశ్వరి చేతులు వెనక్కి వచ్చేవి. నూనె వాసనతో, ఖాళీగా.

పుట్టువెంట్రుకలు తియ్యాలి కదా అంటే మొదటి ఏడు మైల అంది అమ్మ. దూరపు చుట్టం ఎవరో పోయారు. అంత దూరపు మైల కూడా పడుతుందా అని అడగలేదు ఎవరూ. మూడో ఏడు ముహూర్తం పెట్టుకున్నారు. తుఫాను వచ్చింది.

టీవీలో చూపించారు దాన్ని. సముద్రం మీద తెల్లటి సుడి. గోడ మీది బొమ్మ కిందికి దిగి వచ్చినట్టు... అంచులు పూలరెక్కల్లా విప్పుకుని, మెల్లగా, ఎంతో తీరిగ్గా, ఎడమకు తిరుగుతూ. నడుమ నల్లటి చుక్క.

“ఎంత అందంగా ఉన్నాదే...” అంది ఈశ్వరి.

“అందమేటే! పడవలు పోతాయి ఈ దెబ్బకి!” అని కసిరాడు ధనరాజ్.

గాలి వచ్చింది. సరుగుడు చెట్లు నేలకు వంగి లేచాయి. రేకులు ఎగిరాయి. అమ్మ, చెల్లెలు, పిల్ల అందరూ ఈశ్వరి ఇంటికే వచ్చేశారు, పక్కా ఇల్లని. తలుపుకు బల్ల అడ్డం పెట్టి అందరూ ఒక్క గదిలో కూర్చున్నారు. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. ఆకు కదల్లేదు. పైన గుండ్రంగా నీలం ఆకాశం.

తుఫాను కన్ను.

తెలియనివాళ్ళు అయిపోయిందనుకుంటారు. తలుపు తీసి బయటికి వస్తారు, ఎగిరిపోయిన రేకులు ఏరుకుంటారు. తెలిసినవాళ్ళు గడియ తియ్యరు. రెండో గాలి ఎదురువైపు నుంచి వస్తుంది. మొదటి గాలి వంచినదాన్ని అది విరుస్తుంది.

ఆ తీరంలో పుట్టిన ఈశ్వరికి ఇదంతా తెలుసు.

అయినా... ఆ నిశ్శబ్దంలో, పిల్ల తన ఒళ్ళో నిద్రపోతుంటే, ఒక పక్క అమ్మ, ఒక పక్క చెల్లెలు, ఎదురుగా మొగుడు – అందరూ తన చుట్టూ ఉన్నారు కదా అనుకుంది. ఎంత బాగుంది అనుకుంది.

నడుమ ఉన్నవాళ్ళకు గాలి తెలియదు.

*

ఈ ఏడు ఐదో ఏడు. సాకులు అయిపోయాయి అమ్మకు.

పైగా సుహాసిని మళ్ళీ నీళ్ళోసుకుంది. అమ్మే వచ్చి చెప్పింది, ఈశ్వరి గడపలో కూర్చుని, ఈశ్వరి మొహం చూడకుండా.

“దానికి ఇంకోటి పుడతాది కదా. కుమారిని నువ్వు పెంచుకోయే. పుట్టెంటికలు తీసిననాడే, గంగమ్మ తల్లి ముందే, నీ ఒళ్ళో పెట్టెస్తాం.”

 ఈశ్వరి నోట పిచ్చి మాటే వచ్చింది.

“అయితే ఇంక దాని తల నానే దువ్వాలి. సెప్తన్నాను. తగువు పెట్టుకోకు.”

అమ్మ కొంగు దులుపుకుని లేచి వెళ్ళింది.

ధనరాజ్‌కు చెబితే తలూపాడు. ఆ ఆదివారం నూనె రాస్తుంటే, వేలు ఎడమకు తిరుగుతుంటే, అతను కళ్ళు మూసుకోలేదు. వాకిలి వైపు చూస్తూ కూర్చున్నాడు. గమనించింది ఈశ్వరి. ఆనందం పట్టలేక అనుకుంది.

చిన్న మంచం కొంది. గోడకు గులాబీరంగు వేయించింది. పాలపుంత బొమ్మను ఉప్పుజాడీ పైనుంచి తీసి, మసి తుడిచి, ఆ మంచం పక్కన అంటించింది. జంతికలు చేసింది – డబ్బా నిండా, ఒక్కటి కూడా విరగకుండా. వాడలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పింది. పాప వస్తన్నాది. మా ఇంటికి. ఇంక మాతోనే ఉంటాది.

ఎవరికో చెబుతూ నోరు జారింది కూడా – నా కూతురు అంది.

నాలిక కరుచుకుంది. మళ్ళీ అంది, మెల్లగా, తనకు తనే.

నా కూతురు.

*

గంగమ్మ గుడి తీరం మీదే, సరుగుడు తోపును ఆనుకుని. సున్నం కొట్టిన చిన్న గుడి. ముందు ఒక షామియానా. సముద్రం గాలికి అది ఉబ్బి ఉబ్బి లేస్తోంది. వాడంతా వచ్చింది. కూర్మమ్మత్త అందరికన్నా ముందు వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంది. మంగలి చినబాబు కత్తి నూరుకుంటున్నాడు.

పుట్టువెంట్రుకలు మేనమామ ఒళ్ళో తీయాలి. అక్కాచెల్లెళ్ళకు అన్నదమ్ములు లేరు.

“ఎవులో ఒకలు కూకోండమ్మా, పొద్దెక్కిపోతన్నాది” అన్నాడు చినబాబు.

అందరూ ధనరాజ్ వైపు చూశారు. ఇవాళ్టి నుంచి తండ్రే కదా!

“నాకు నడుం నొప్పి” అన్నాడు ధనరాజ్, వెనక్కి జరుగుతూ.

కూర్మమ్మత్త ఊరుకుంటుందా?

“వల లాగినప్పుడు నేదేటిరా నొప్పి? ఇంత గుంటని ఎత్తుకోనేవా? కూకో!”

భుజాలు పట్టి కూర్చోబెట్టింది. నవ్వారు అందరూ. ఈశ్వరి కూడా నవ్వింది. పిల్ల వెళ్ళి అతని ఒళ్ళో కుదురుకుంది.

నారాయణమ్మ పక్కనే నిలబడింది, గంధం గిన్నె పట్టుకుని.

ఇంకా కత్తి తియ్యలేదు. అప్పుడే గంధం గిన్నె ఎందుకో...

చినబాబు తల తడిపాడు. కత్తెరతో కోశాడు. ఐదేళ్ళ జుట్టు. ఉంగరాలు ఉంగరాలుగా ఇసక మీద పడుతోంది. గాలి వాటిని తిప్పి తిప్పి చూస్తోంది. పిల్ల ఏడవడం లేదు. ఎదురుగా పెద్దమ్మ జంతిక పట్టుకుని ఆడిస్తోంది, కళ్ళకు అడ్డం పెట్టుకుని రంధ్రంలోంచి చూస్తోంది, కిలకిలా నవ్విస్తోంది.

కత్తి నడినెత్తి మీద తిరిగింది. అక్కడొక సుడి. కుడికి. అందరికీ ఉండేదే.

కత్తి ముందుకు జరిగింది.

క్లిప్పులు గుచ్చే చోటికి. నుదుటి పైకి. ఎడమ పక్కకు.

ధనరాజ్ తల వంచుకుని ఉన్నాడు. ఈమధ్య అతని జుట్టు పలచబడింది. షామియానా లేచినప్పుడల్లా ఎండ వచ్చి పడుతోంది.

రెండు తలలు.

ఒకదాని కింద ఒకటి.

జంతిక రంధ్రంలోంచి చూస్తోంది ఈశ్వరి... ఒకదాని కింద ఒకటి... బొట్టుబిళ్ళంత...

అది ఎడమకు తిరుగుతోంది.

*

జంతిక విరిగింది.

కాదు, అనుకుంది ఈశ్వరి. కాదు కాదు. లోకంలో అన్నీ ఒకలాగే తిరుగుతాయి కదా. నత్తగుల్లా, పాలపుంతా. అంతమాత్రాన పాలపుంత కడుపున పుట్టిందా నత్త? మొగలో తిరిగే నీళ్ళకు తుఫాను తండ్రా? ఊళ్ళో ఎంతమందికి లేవు రెండేసి సుడులు! వెంట్రుక ఎటు తిరగాలో ఎవరు చెప్తారు?

ఎవులూ తిప్పరే. అయ్యే తిరగతాయి.

నమ్మబోయింది. ఇంకొక్క క్షణం ఉంటే నమ్మేది. ఇన్నాళ్ళూ నమ్మినట్టే, మురిసిపోయినట్టే, అదీ నమ్మేది.

అమ్మ చెయ్యి ఆ క్షణం ఇవ్వలేదు.

గిన్నెలోంచి పిడికెడు గంధం తీసి, చప్పున, పిల్ల తల మీద మెత్తింది అమ్మ. నుదుటి పైన. ఎడమ పక్కన. అక్కడొక్క చోటే.

చినబాబు కత్తి గాలిలో ఆగిపోయింది.

“అదేటి నారాయణమ్మా! సగం బుర్ర ఇంకా అలాగే ఉన్నాది. తానం సేయించకుండానే గంధమేటి?”

గంధం ఎప్పుడు పుయ్యాలో నారాయణమ్మకు తెలియదా? వాడలో ఎన్ని గుండ్లకు గంధం పూసిన చెయ్యి అది! గుండు పూర్తవ్వాలి. తలారా నీళ్ళు పొయ్యాలి. కొత్త గౌను తొడగాలి. అప్పుడు గంధం. వాడలో పెళ్ళికాని పిల్లకు కూడా తెలుసు ఆ వరస.

“ఎండకి... సల్లగుంటాదని” అంది అమ్మ.



సుడి అబద్ధం చెప్పవచ్చు.

చెయ్యి చెప్పలేదు.

ఈశ్వరి చెల్లెలి వైపు చూసింది. సుహాసిని పొట్ట మీద చెయ్యి పెట్టుకుని సముద్రం చూస్తోంది. మొగుడి వైపు చూసింది. అతని మోకాలి మీద గంధం చుక్క పడింది. దాన్నే చూస్తున్నాడు. అమ్మ గంధం గిన్నెలోకి చూస్తోంది.

వాడంతా పిల్ల తలను చూస్తోంది. ఆ ముగ్గురే చూడటం లేదు.

అప్పుడు వచ్చింది రెండో గాలి. ఎదురువైపు నుంచి.

తోమి బోర్లించిన గిన్నెలు. మడత పెట్టిన లుంగీలు. భుజం తడిపిన ఏడుపు. వేళ్ళ కొసల దాకా గోళ్ళు. నా సెయ్యికే అలవాటు దానికి... మైల... నాకు నడుం నొప్పి... ఇన్నేళ్ళూ ఒకవైపే వంగినవన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. పటపటా విరిగాయి.

చప్పుడు మాత్రం ఎవరికీ వినబడలేదు.

*

గుండు పూర్తయింది. బిందెలో నీళ్ళు తెచ్చారు.

అమ్మ చెంబు అందుకుంది. ఈశ్వరి వెళ్ళి ఆ చెంబు పట్టుకుంది.

“ఇలా తే అమ్మా. నానే పోస్తాను.”

“వద్దే, నా సెయ్యికే...” అమ్మ మాట ఆపేసింది. చెంబు మాత్రం వదల్లేదు. ఒక చెంబు, రెండు జతల చేతులు.

“నీకెప్పట్నుంచి తెలుసు?” ఇద్దరికే వినబడేంత మెల్లగా అడిగింది ఈశ్వరి.

“ఏటి?”

ఈశ్వరి అమ్మ మొహంలోకే చూస్తూ నిలబడింది.

అమ్మ కళ్ళు చెంబులోకి దిగిపోయాయి.

“బయటపెడితే ఇద్దరు కూతుళ్ళ కాపరాలూ పోతాయి కదే... ఎవులికి సెప్పుకోను? అందుకే నీ ఒళ్ళోనే పెడతన్నాను కదా. ఆడి పిల్ల ఆడింటికే వస్తన్నాది. నీకూ కడుపు సల్లబడతాది. ఇంకేటి?”

ఇంకేటి.

అంతే. మరేమీ లేదు. అన్నీ కుదిరిపోయాయి. అందరి బాధలూ తీరిపోయే చోటు ఒకటి చూసుకుని, ఈశ్వరిని అక్కడ నిలబెట్టారు. నడుమ. చుట్టూ అందరూ.

మజ్జ కాళీ.

అమ్మ చెంబు వదిలేసింది.

ఈశ్వరి పిల్లను ముందుకు వంచి నీళ్ళు పోసింది. మెల్లగా. అందరి ముందు. గంధం కరిగింది. పసుపు పచ్చటి చారలుగా పిల్ల మెడ మీదకు, వీపు మీదకు, ఇసకలోకి. మళ్ళీ పోసింది. నున్నటి తల మీద, చర్మం కిందే, నీలంగా, ఇంకా మొలవని వెంట్రుకలు వరసలు కట్టి తిరుగుతున్నాయి. ఎంత సన్నగా! ఎంత ఒద్దికగా! కత్తి కోసినా పోదు అది. గంధం కప్పినా పోదు. పాపం, ఎంత అందంగా ఉంది...

కూర్మమ్మత్త కుర్చీలోంచి ముందుకు వంగింది. చుట్ట తీసింది నోట్లోంచి.

“ఒలమ్మో! దీనికీ రెండు సుడులే! అచ్చం మన ధన...”

ఆగిపోయింది.

మాట నడుమ ఆగిపోవడం ఆమె పుట్టాక అదే మొదలు. చుట్టను మళ్ళీ నిప్పు లోపలికి పెట్టి నోట్లో పెట్టుకుంది. పెదాల సందులోంచి పొగ వచ్చింది. తిరిగింది. గాలికి చెదిరింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

“అక్కా...” అంది సుహాసిని వెనక నుంచి.

ఈశ్వరి వెనక్కి తిరగలేదు. ఇసకలో చిన్న గుంట పడింది. నీళ్ళు అందులో ఒక చుట్టు తిరిగి ఇంకిపోయాయి.

*

తోపు అవతల ఆటో ఆగి ఉంది. ధనరాజ్ దాని దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఎక్కడు. రాడు. డ్రైవరు హారన్ కొట్టాడు.

“పెద్దమ్మా, ఇంటికెల్దామా?”

కొత్త గౌనులో, గుండుతో, పిల్ల వింతగా ఉంది. చెవులు పెద్దవైనట్టున్నాయి.

“జంతికలు సేసినానన్నావు?”

“సేసినాను.”

“సుక్కల బొమ్మ నా మంచం కాడ ఎట్టినావా?”

“ఎట్టినాను.”

“మరి పద!”

చేతులు చాపింది. ఎత్తుకోమని.

ఈ చేతుల కోసం ఈశ్వరి ఎన్ని గడపలు తొక్కింది... ఎన్ని కొంగులు ముడివేసింది. ఇప్పుడు అవి రెండూ తన ముందున్నాయి. తడిగా, గంధం వాసనతో. ఎత్తుకుంటే – ఆదివారం ఆదివారం ఒకే గిన్నెలో నూనె, ఒకే ముక్కాలిపీట, ఒకదాని తర్వాత ఒకటి రెండు తలలు. ఎత్తుకోకపోతే – గులాబీరంగు గోడ, చిన్న మంచం, పక్కన ఎవరికీ అక్కర్లేని చుక్కలు.

ఆటో హారన్ మళ్ళీ మోగింది.

దూరంగా మొగలో నీళ్ళు ఎదురుపడుతున్నాయి. మట్టిరంగు చుట్టూ నీలం. నీలం చుట్టూ మట్టిరంగు.

“ఉండు. తల తడిగా ఉన్నాది” అంది ఈశ్వరి.

మోకాళ్ళ మీద కూర్చుంది. కొంగు తీసి పిల్ల తల తుడిచింది. మెడ తుడిచింది. చెవుల వెనక తుడిచింది. మళ్ళీ తల తుడిచింది, ఆరిపోయిన చోటే. కొంగు జారింది.

వేలికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

నూనె లేదు. చన్నీళ్ళ చలవ. గంధం గరుకు. నుదుటి పైన, ఎడమ పక్కగా, వేలు ఆగింది.

“సక్కిలిగింత పెద్దమ్మా...” అని నవ్వింది పిల్ల. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు మూసుకుంది.

అచ్చం అలాగే మూసుకుంది.

వేలు తీసెయ్యాలి.

తీసెయ్యాలి...

ఎడమకు ఒక చుట్టు –

మళ్ళీ ఎడమకు.